డ్యూటీ అంతా గ్లౌజులు తీయను, ఎన్95 వారానికి ఒకటే ఇస్తారు – సొంతంగా పీపీఈ కిట్లు కొనుక్కోవాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను సిస్టర్. చిత్తూరులో ముప్పై పడకల నర్సింగ్ హోంలో చేరి మూడు నెలలైందన్నారు. భయంతో డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా గ్లౌజులు తీయడం లేదు. మాస్క్ వారానికి ఒకటే ఇస్తున్నారు. దగ్గుతో చేరిన పెద్దాయనకు టీబీ అని నాలుగో రోజున తేలింది, ఆ నాలుగు రోజులూ ఆయన్ని చూసుకుంది మీరే. ఇంట్లో అమ్మకు షుగర్, రోజూ ఇన్సులిన్ మీరే వేస్తారు. అందుకని జీతంలోంచి డబ్బు తీసి పీపీఈ కిట్లు కొనుక్కోవాలా, గ్లౌజుల మీద ఇంకో జత గ్లౌజులు వేసుకోవాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. కొనకండి. రెండో జత గ్లౌజులు ఆపరేషన్ థియేటర్లో పనికొస్తాయి, వార్డులో కాదు. టీబీకి కిట్టు అక్కర్లేదు. మీరు చేయాల్సింది వేరే ఉంది. గ్లౌజులు ఏ పనికి వేసుకున్నారో ఆ పని కాగానే తీసేయండి, తీసిన ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోండి. ఎన్95ను రోజంతా ముఖానికి వేలాడదీయకుండా టీబీ అనుమానం ఉన్న గది కోసం దాచుకోండి. ఆ గది కిటికీలు తెరిపించండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ మీకు పడ్డాయో లేదో ఈ రోజే చూసుకోండి. మీ ప్రశ్నలో టీబీ ఉంది, గ్లౌజులున్నాయి, మాస్కులున్నాయి, కానీ సూది మాట ఎక్కడా లేదు. నాకు దాని గురించే ఎక్కువ బెంగగా ఉంది. అక్కడికి వస్తాను.

నేను నర్సుగా చేరి 24 ఏళ్లు. తిరుపతిలో పెద్ద ఆసుపత్రుల్లో, చిన్న నర్సింగ్ హోముల్లో రెండు చోట్లా చేశాను. పదకొండేళ్లుగా ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పని చూస్తున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

గ్లౌజులతో మొదలుపెడతాను. కొత్తగా చేరిన పిల్లలకు నేను పసుపుతో ఒక పరీక్ష పెడతాను. పసుపును కొంచెం కొబ్బరినూనెలో కలిపి గ్లౌజు వేసుకున్న అరచేతికి పల్చగా రాస్తాను. ఖాళీ మంచం, బొమ్మ రోగి, డ్రిప్ స్టాండు, కేస్ షీటు అన్నీ పెట్టి, "పావుగంట మీ మామూలు పని మీరు చేసుకోండమ్మా" అంటాను. పోయినసారి ఒక అమ్మాయి చాలా చురుగ్గా చేసింది. పావుగంట తర్వాత ఇద్దరం కలిసి పసుపు ఎక్కడెక్కడ అంటిందో వెతికాం. డ్రిప్ స్టాండు మీద, బీపీ పట్టీ మీద, కేస్ షీటు కింది మూలలో, పెన్ను టోపీకి, మంచం కడ్డీకి, ఆ అమ్మాయి జేబులోని ఫోనుకి. మధ్యలో ఎప్పుడో మాస్కు సర్దుకుంది, ముక్కు దగ్గర పసుపు. వెంట్రుక వెనక్కి తోసుకుంది, చెవి పక్కన పసుపు. చివరికి గ్లౌజులు తీయమంటే వేళ్ల చివర పట్టుకుని లాగేసింది. మణికట్టు చుట్టూ గాజు గీసినట్టు పచ్చటి గీత పడింది. ఆ అమ్మాయి అద్దంలో చెవి పక్కన చూసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మీరు డ్యూటీ అంతా గ్లౌజులు వేసుకుంటే మీ వార్డులో జరుగుతున్నది ఇదే. పసుపు కంటికి కనిపిస్తుంది, క్రిములు కనిపించవు, అంతే తేడా. ఒట్టి చేతికి తడి తగిలితే మనకు తెలుస్తుంది, జిడ్డు తగిలితే తెలుస్తుంది, వెళ్లి కడుక్కుంటాం. గ్లౌజు ఉంటే ఆ స్పృహ పోతుంది. నాలుగో మంచం దగ్గర వేసుకున్న గ్లౌజుతో ఐదో మంచం దగ్గరకు వెళ్తే, కడగని చేత్తో వెళ్లినట్టే. పైగా గ్లౌజుల్లో కొన్నిసార్లు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, ఎక్కువసేపు వాడేకొద్దీ చిరుగులు పడతాయి. లోపల చెమటకు చేతులు నాని, చర్మం పగులుతుంది. పగిలిన చర్మం మీకే ప్రమాదం.

గ్లౌజులు ఎప్పుడు వేసుకోవాలంటే రక్తం, మలమూత్రాలు, చీము, వాంతి లాంటివి తగిలే పనికి, నోరు ముక్కు లాంటి తడి పొరలు ముట్టే పనికి, పుండు ముట్టే పనికి. కాన్యులా (నరంలోకి పెట్టే డ్రిప్ గొట్టం) పెట్టేటప్పుడు, రక్తం తీసేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు తప్పకుండా వేసుకోండి. బీపీ చూడ్డానికి, టెంపరేచర్ చూడ్డానికి, మాత్రలు ఇవ్వడానికి, వీల్‌చైర్ తోయడానికి మామూలుగా అక్కర్లేదు. గ్లౌజుల మీద శానిటైజర్ రాసుకుని ఇంకో రోగి దగ్గరకు పోవడం కూడా చూస్తుంటాను. అలా చేయకండి, ఆ గ్లౌజులు అందుకు తయారైనవి కావు.

చేతుల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాలు మీకు కాలేజీలో చెప్పే ఉంటారు: రోగిని ముట్టే ముందు, శుభ్రమైన పని ఏదైనా మొదలుపెట్టే ముందు, రక్తం లాంటివి తగిలే పని తర్వాత, రోగిని ముట్టాక, రోగి చుట్టూ ఉన్న వస్తువులు ముట్టాక. పరీక్షకు బట్టీ పట్టి మర్చిపోయేది ఆఖరిది. మంచం కడ్డీ ముట్టుకున్నా లెక్కే. హ్యాండ్ రబ్ (చేతులకు రాసుకునే స్పిరిట్ శానిటైజర్) అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. చేతికి మురికి కనిపిస్తుంటే, లేదా రోగికి విరేచనాలు అవుతుంటే హ్యాండ్ రబ్ చాలదు, సబ్బుతోనే కడగాలి. కొన్ని విరేచనాల క్రిములు స్పిరిట్‌కు చావవు. రుద్దుకునేటప్పుడు అందరూ వదిలేసేది బొటనవేళ్లు, వేళ్ల కొసలు. మనం ఎక్కువగా ముట్టుకునేది వాటితోనే.

గాజుల సంగతి కూడా చెప్పాలి. పెళ్లయిన పిల్లలకు గాజులు తీయమంటే మనసు కష్టపడుతుంది, అత్తగారు ఏమంటారోనని భయం. నాకు తెలుసు, నేనూ ఆ భయం పడ్డదాన్నే. కానీ గాజుల కింద, ఉంగరం కింద హ్యాండ్ రబ్ చేరదు. తాళి, నల్లపూసలు గౌను లోపల ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. చేతులకు మాత్రం మోచేతి కింద ఏమీ లేకుండా డ్యూటీ చేయండి. లాకర్లో ఒక చిన్న డబ్బా పెట్టుకుని, దిగేటప్పుడు మళ్లీ వేసుకోండి. మా దగ్గర ఇప్పుడు పిల్లలందరూ అలాగే చేస్తున్నారు.

ఇక మాస్కు. మామూలు సర్జికల్ మాస్కు తుంపరలను, చిమ్మిన రక్తాన్ని ఆపుతుంది. పక్కల్లోంచి గాలి పోతూనే ఉంటుంది. ఎన్95 అంటే పట్టుకోవడానికి అన్నింటికన్నా కష్టమైన 0.3 మైక్రాన్ల కణాల్లో కూడా కనీసం 95 శాతం ఆపే గుడ్డ. కానీ ఆ లెక్క గాలంతా ఆ గుడ్డలోంచి పోతేనే. పక్కన సందు ఉంటే గాలి సందులోంచే పోతుంది. అందుకే వేసుకున్న ప్రతిసారీ రెండు చేతులూ మాస్కు మీద ఆనించి గట్టిగా ఊదండి, గాలి ముక్కు పక్క నుంచి కళ్లకు తగిలితే ముక్కు పట్టీ సరిచేయండి. తర్వాత లోపలికి గట్టిగా పీల్చండి, మాస్కు కొంచెం ముఖానికి అతుక్కోవాలి. దీనికి పది సెకన్లు పడుతుంది. తల వెనక రెండు పట్టీలు ఉన్నది చెవులకు తగిలించేదాని కంటే బాగా బిగుస్తుంది.

మా దగ్గర ఒక అటెండరు తన బిడ్డకు జబ్బు నయమైతే కొండకు వచ్చి తలనీలాలు ఇస్తానని మొక్కుకుని, జుట్టూ గడ్డమూ పెంచాడు. టీబీ వార్డులో డ్యూటీ. ఎన్95 వేసి ఊదమంటే నాలుగు పక్కలా గాలి. "ఏం కాదులే మేడం, స్వామి చూసుకుంటాడు" అన్నాడు. మొక్కు మానమనడానికి నేనెవర్ని? గడ్డం తీయమనలేదు. మొక్కు తీరేదాకా అతని డ్యూటీని కట్లు కట్టే గదికి మార్పించాను. రెండు నెలలకు కుటుంబంతో కొండెక్కి కల్యాణకట్టలో తలనీలాలిచ్చి, ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజే మాస్కు మళ్లీ పరీక్షించాను, చక్కగా అతుక్కుంది. అయ్యప్ప మాల వేసుకునే కాలంలో కూడా ఇదే సమస్య. మీ దగ్గర మగ సిబ్బంది ఉంటే డ్యూటీలు వేసేవారికి ఈ మాట చెప్పండి.

వారానికి ఒకటే ఇస్తున్నారన్నారు. మీరు దాన్ని ఉదయం నుంచి సాయంత్రం దాకా వేసుకుని, టీకి ఒకసారి, అన్నానికి ఒకసారి, ఫోన్ మాట్లాడ్డానికి ఒకసారి తీస్తుంటే రెండో రోజుకే పట్టీలు సాగిపోతాయి. కోవిడ్ కాలంలో మాస్కులు దొరకనప్పుడు కూడా ఒక ఎన్95ను ఐదుసార్ల కంటే ఎక్కువ తొడగొద్దనే చెప్పేవారు. అందుకని మామూలు పనికి సర్జికల్ మాస్కు వాడండి. ఎన్95ను దగ్గు రోగి గదికే పెట్టుకోండి. తీశాక మందుల షాపులో ఇచ్చే కాగితం కవర్లో పేరు, తేదీ రాసి పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, తడి ఆరదు. ఉతకొద్దు, స్పిరిట్ చల్లొద్దు, ఎండలో ఆరబెట్టి కొత్తదైందని అనుకోవద్దు. తడిసినా, మరక పడినా, పట్టీ వదులైనా, ఊపిరి పీల్చడం కష్టమైనా వారం కాకపోయినా పారేయండి, ఇంకోటి అడగండి. ముందు కవాటం ఉన్న రకం వద్దు. అది మీరు వదిలే గాలిని వడకట్టకుండా రోగి మీదకు పంపుతుంది.

టీబీ ముట్టుకుంటే రాదు, గాలిలో వస్తుంది. రోగి దగ్గితే వచ్చే సన్నటి కణాలు మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. కాబట్టి గౌనూ రెండు జతల గ్లౌజులూ వేసుకుని, కిటికీలు మూసి ఏసీ పెట్టిన గదిలో నిలబడితే మిమ్మల్ని ఏదీ కాపాడదు. చిన్న నర్సింగ్ హోముల్లో ఇదే జరుగుతోంది. తిరుపతి, చిత్తూరు ఎండలకు చుట్టాలు ఏసీ గది అడుగుతారు, దగ్గు రోగిని కూడా అందులోనే పెడతారు. దగ్గు రెండు వారాలు దాటిందని చెప్పిన రోగి ఎవరైనా సరే, రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఎదురెదురు కిటికీలున్న గదికి మార్చమని డాక్టరుగారిని అడగండి. గది లోపల గాలి ఎటు నుంచి ఎటు పోతుందో చూసుకుని, మీ వెనక నుంచి రోగి వైపు పోయేలా నిలబడండి. రోగికి సర్జికల్ మాస్కు వేయండి, ఎన్95 రోగికి కాదు, మీకు. గళ్ల (కఫం) పరీక్షకు నమూనా ఆరుబయట తీయించండి, బాత్రూంలో వద్దు.

మీరు నాలుగు రోజులు ఆయన్ని చూశారు కాబట్టి భయపడకుండా ఒక పని చేయండి. మీ బరువు ఈ రోజు రాసుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏదైనా కనిపిస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో గళ్ల పరీక్ష ఉచితం, వెళ్లండి. నాలుగు రోజులు పక్కన ఉన్నంత మాత్రాన అందరికీ రాదు. ఆ పెద్దాయనకు మందులు మొదలై సరిగ్గా పనిచేస్తే అంటించే శక్తి కూడా రెండు వారాల్లోపే చాలా తగ్గిపోతుంది. ఆయన్ని చూసి ముఖం తిప్పుకోకండి. మనవాళ్లలో టీబీ రోగికి జబ్బు కంటే ఆ తిప్పుకున్న ముఖమే ఎక్కువ బాధపెడుతుంది.

గాలిలో వచ్చేది ఇంకోటి ఉంది, మన ఊళ్లలో దాన్ని జబ్బని చెప్పరు. అమ్మవారు పోసింది అంటారు. కొండకు వచ్చిన కుటుంబం ఒకటి జ్వరమని చిన్నబిడ్డను తెచ్చారు. ఒంటి మీద గుడ్డ కప్పి ఉంది, తల కింద వేపాకు. ఆటలమ్మ అని చెబితే ఆసుపత్రిలోకి రానివ్వరని దాచారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు ఐదో నెల, తనకు చిన్నప్పుడు పోసిందో లేదో తనకే తెలియదు. అదృష్టం బాగుండి రక్త పరీక్షలో రక్షణ ఉన్నట్టు తేలింది. ఫలితం వచ్చేదాకా ఆ సిస్టర్ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. మీ అమ్మను ఈ రోజే అడగండి, మీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా లేదా. పోయకపోతే టీకా ఉంది, గర్భం రాకముందే వేయించుకోవాలి. వేపాకు చూసి కసురుకోకండి. కసురుకుంటే రెండోసారి ఇంకా గట్టిగా దాస్తారు.

పీపీఈ కిట్టు గురించి ఒక్క మాట. 2020లో తిరుచానూరు పద్మావతి నిలయం, తిరుపతి శ్రీనివాసం లాంటి యాత్రికుల వసతి భవనాలు కోవిడ్ కేంద్రాలయ్యాయి. మా ఊళ్లో నర్సుల్లో చాలామంది కిట్టు మొదటిసారి వేసుకుంది అప్పుడే. వేసుకునేటప్పుడు ఒకరికొకరు చూసుకుని టేపులు వేసేవాళ్లం. ఆరు గంటల తర్వాత చెమటతో తడిసి, నాలుక పిడచకట్టి, ఎప్పుడు తీసి పారేద్దామా అని గబగబా లాగేసేవాళ్లం. క్రిములు ఉండేది బయటి వైపు, తీసేటప్పుడు తొందరపడితే అది నేరుగా ముఖానికి తగులుతుంది. తీసే గదిలో ఒక మనిషిని నిలబెట్టి, "గ్లౌజులు... చేతులు రుద్దు... ఇప్పుడు కళ్లద్దాలు... చేతులు రుద్దు... గౌను లోపలి వైపు బయటకు వచ్చేలా చుట్టు... బయటికి వచ్చాక మాస్కు... మళ్లీ చేతులు" అని చెప్పించడం మొదలుపెట్టాకే మాకు ధైర్యం వచ్చింది. మాస్కు ఎప్పుడూ ఆఖరున, పట్టీలు పట్టుకుని తీయాలి, ముందు భాగం ముట్టకూడదు. ఇంట్లో కొని దాచుకున్న కిట్టు కంటే ఈ వరుస నోటికి రావడం మీకు ఎక్కువ రక్ష.

ఇప్పుడు సూది. ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేటప్పుడు జరిగింది, పేరు అనవసరం. రాత్రి డ్యూటీలో ఎవరో వాడిన సూదిని దూదితో పాటు పసుపు సంచిలో వేసేశారు. తెల్లారి ఆయమ్మ సంచి మూట కట్టి ఎత్తితే పిక్కలో దిగింది. ఆమె పచ్చి ఉల్లిపాయ రుద్దుకుని, చీర సర్దుకుని పని చేసుకుంది. నాకు చెప్పింది మూడో రోజు సాయంత్రం, "చెప్తే తిడతారని" అంది. ఆ సూది ఏ రోగిదో తెలియదు, ఆమెకు ఒక్క టీకా కూడా పడలేదు. ఆర్నెల్లు పరీక్షలు చేయించుకుంటూ నిద్రలేకుండా గడిపింది. చివరికి ఏమీ రాలేదు. కానీ ఆ ఆర్నెల్లు ఆమెకు ఎవరు తిరిగిస్తారు?

టీకా లేని మనిషికి హెపటైటిస్ బి రోగి సూది గుచ్చుకుంటే వచ్చే అవకాశం 6 నుంచి 30 శాతం. హెచ్ఐవీ అయితే సుమారు 0.3 శాతం. మనం హెచ్ఐవీ పేరు వింటే వణుకుతాం, హెపటైటిస్ బికి టీకా ఉండి కూడా వేయించుకోం. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. ఆఖరి డోసు పడిన ఒకటి రెండు నెలలకు రక్త పరీక్షలో రక్షణ స్థాయి (యాంటీ-హెచ్‌బీఎస్) 10 దాటిందో లేదో చూపించుకోండి.

గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో కడగండి. వెంటనే పైవాళ్లకు చెప్పి రాయించండి, ఏ రోగి సూదో గుర్తించి పరీక్ష చేయించండి. హెచ్ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. మీ దగ్గర లేకపోతే చిత్తూరు జిల్లా ఆసుపత్రికి, తిరుపతిలో ఉంటే రుయా ప్రభుత్వ ఆసుపత్రికి ఆ పూటే వెళ్లండి. సూదికి మళ్లీ మూత పెట్టకండి. వాడిన సూది తెల్లటి గట్టి డబ్బాలోకి, అది ముప్పావు నిండగానే మూసేయాలి. గ్లౌజులు, డ్రిప్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది, కట్లు పసుపులోకి, ఆంప్యూళ్లు, గాజు సీసాలు నీలంలోకి.

యాజమాన్యాన్ని ఎలా అడగాలో తెలియడం లేదన్నారు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది, వ్యర్థాలు ముట్టే సిబ్బంది అందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, రక్షణ సామగ్రి ఇవ్వడం ఆసుపత్రి బాధ్యత. ఇది మీరొక్కరే కోపంగా అడగొద్దు. ఆయమ్మల పేర్లు కూడా కలిపి, టీకా ఎవరికి పడింది ఎవరికి పడలేదు అని ఒక కాగితం రాసి డాక్టరుగారి చేతికివ్వండి. నేను చూసినంతలో అరిచి అడిగినదాని కంటే పేర్లు రాసి ఇచ్చిన కాగితానికే పని జరిగింది.

ఇంటి సంగతి. ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందే యూనిఫాం మార్చుకుని, విడిగా కవర్లో తీసుకెళ్లి, ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా వేడినీళ్లలో సబ్బుతో ఉతకండి. చెప్పులు వార్డుకు ఒక జత, ఇంటికి ఒక జత. ఫోను తుడుచుకోండి. చేతులు కడుక్కున్నాక అమ్మ దగ్గర కూర్చుని భోజనం చేయడానికి ఏ అడ్డూ లేదు, మీరు వేరే గదిలో పడుకోనక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావారి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువన్నది నిజమే. అందుకే అమ్మ షుగర్ అదుపులో ఉంచడం ముఖ్యం, ఆమెకు దగ్గు పట్టుకుంటే వాతావరణం మారిందిలే అని వదిలేయకండి.

అమ్మ ఇన్సులిన్ సూదులు ఇప్పుడు ఏ బుట్టలో వేస్తున్నారో నాకు తెలియదు. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టి, వాడిన సూది వాడినట్టే అందులో వేయండి. ముప్పావు నిండాక మూతకు టేపు చుట్టి, పైన "సూదులు" అని పెద్దక్షరాలతో రాసి, తడి చెత్త పొడి చెత్తలో కలపకుండా పొద్దున బండి దగ్గరకు వచ్చే ఆమెకు చెప్పి చేతికివ్వండి. ఆమె చేతులకు చాలాసార్లు గ్లౌజులు కూడా ఉండవు.